ఎజ్రా అన్న మూడో చరణం

మా ఎజ్రా అన్న బండిలో సంతోషంగా ఉండే పాట వినపడదు. అది నిషేధం. ఏడుపు పాటలే ఉండాలి, అవి కూడా ఫ్రెంచి భాషలోనే ఉండాలి. పాట మోగుతున్నంతసేపూ ఆయన గేరు మారుస్తూ, ఎదురొచ్చే లారీవాడిని తిడుతూ, దాని అర్థాన్ని చరణం చరణంగా మాకు తెలుగులో చెబుతాడు. పొద్దున నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా ఏడుపు, సాయంత్రం ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల దాకా ఏడుపు. ఆదివారం సెలవు.

మేము ఆళ్ళగడ్డలో ఉద్యోగాలు చేసే నంద్యాల జనం. బస్సులో నిలబడి నిలబడి విసిగి, అందరం కలిసి ఆయన తూఫాను బండిని నెలవారీగా మాట్లాడుకున్నాం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నా పక్కన కూర్చునేది బ్యాంకు ఆఫీసరు శ్యాంసుందర్. లోకంలో తాను ధ్రువీకరించని విషయం నిజం కాదని ఆయన నమ్మకం. మధ్య సీట్లో రిజిస్ట్రారు ఆఫీసు భారతమ్మ. పొలాలున్న కుటుంబం, పెద్ద గొంతు. ఆమె పక్కన, కిటికీ దగ్గర, కరెంటాఫీసు మంజుల. వెనక సీట్లలో ఇంకొందరు ఉంటారు గానీ వాళ్ళు ఎక్కగానే నిద్రపోతారు.

మొదటి సోమవారమే భారతమ్మ అడిగింది.

"ఎజ్రా, పొద్దున పూట ఒక దేవుని పాట ఎయ్యప్పా."

"ఇది దేవుని పాటే అక్కా. దేవుడా, నన్నెందుకు నిద్ర లేపినావ్ అంటాండాడు."

"అట్ల అంటే దేవునికి కోపం రాదా?"

"రెండో చరణంలో దేవుడు గూడా అప్పుడే లేచినాడంట. ఆయనకూ బాగల్యాదంట."

భారతమ్మ లెంపలు వేసుకుంది. అయితే ఆ పాటకు వాయిద్యం మాత్రం ఊరేగింపు డప్పులా దడదడలాడుతోంది. మాకు ఏడుపు పాటంటే వేణువుండాలి, వాన పడాలి. ఈ పాటకు నాకు తెలియకుండానే నా కాలు ఆడింది.

"అదే దీంట్లో గమ్మత్తు సారూ," అన్నాడు ఎజ్రా అన్న, అద్దంలో నా కాలివైపు చూస్తూ. "కాలేమో ఎగురుతాంటాది. నోరేమో నాకు బతుకు బరువైంది అంటాంటాది. మనిషి కూడా అట్లే గదా. ఆఫీసుకు పోతాంటాడు, నవ్వుతాంటాడు, లోపల ఇంకొకటి."

ఆయనకు ఫ్రెంచి ఎలా వచ్చిందనేది అందరూ అడిగే ప్రశ్న. బోరు బావులు వేసే రిగ్గు మీద పనిచేస్తూ ఆఫ్రికా వెళ్ళాడు. బుర్కినా ఫాసో అనే దేశం. అది దేశం పేరంటే శ్యాంసుందర్ ఒప్పుకోలేదు. ఫోన్లో చూసి, "ఉంది," అని అప్పు మంజూరు చేసినట్టుగా అన్నాడు. ఆ ఎండలో, ఆ దుమ్ములో, రిగ్గు రొద ఆగినప్పుడల్లా రేడియో ఉండేదట. రేడియోలో ఈ పాటలు ఉండేవట. తిరిగి వచ్చేటప్పుడు అందరూ అత్తరు సీసాలూ దుప్పట్లూ తెస్తే ఈయన పెన్‌డ్రైవు నిండా ఏడుపు తెచ్చాడు.

ఏ దేశంవాళ్ళు ఎలా ఏడుస్తారో ఆయన దగ్గర ఒక లెక్క ఉంది. "ఫ్రాన్సోళ్ళు చెవి కాడ గుసగుసగా ఏడుస్తారు. బెల్జియమోళ్ళు ఎగురుతా ఏడుస్తారు. కెనడాలో ఉండే ఫ్రెంచోళ్ళు మంచుకు వణుకుతా ఏడుస్తారు. ఆఫ్రికావోళ్ళు మటుకు, ఏడుస్తా ఏడుస్తానే మీ ఇంట్లో అందరూ బాగుండారా అని అడుగుతారు."

"ఇంతమంది ఏడుస్తాంటే ఆ దేశాలు ఎట్ల నడుస్తాండాయప్పా?" అన్నాను.

"పాడతారు గాబట్టే నడుస్తాండాయ్."

ఆయనకు ఒక సిద్ధాంతం కూడా ఉంది. అది శిరివెళ్ల మెట్ట దగ్గర టీకి ఆగినప్పుడల్లా చెబుతాడు. "మన పాటల్లో మనిషి ఏడ్చల్లంటే కారణం ఉండల్ల సారూ. పిల్ల మోసం చేసుండల్ల, ల్యాకుంటే అమ్మ చచ్చిపోయుండల్ల. కారణం ల్యాకుండా ఏడిస్తే మనోళ్ళు ఒప్పుకోరు. 'ఏం తక్కువరా నీకు' అంటారు. వీళ్ళకు ఆ గొడవ ల్యా. ఊరికే బాగల్యా అని పాడతారు. లోపల బాగల్యా, ఎందుకో తెల్దు, అంతే. దానికి పల్లవి, దానికి డప్పు."

"కారణం లేకుండా కార్యం ఉండదు," అన్నాడు శ్యాంసుందర్.

"మీకు నిద్ర పట్టకపోతే కారణం చెప్పగలరా సార్?"

"నాకు నిద్ర పట్టడంలేదని ఎవరన్నారు?"

"కండ్లు అన్నాయ్."

ఇంతవరకు బాగానే ఉంది. వింత అంతా మూడో చరణంలో ఉండేది. ప్రతి పాటా మొదటి రెండు చరణాల్లో ఫ్రాన్సులోనే ఉండేది. మసకగా, చలిగా, ఎవరికీ పట్టని మనిషి గురించి ఉండేది. మూడో చరణానికి వచ్చేసరికి నేరుగా నంద్యాల జిల్లాలోకి దిగేది.

ఒకరోజు శ్యాంసుందర్ బండెక్కీ ఎక్కకముందే ఫోనులో ఇంట్లోవాళ్ళ మీద గట్టిగా అరిచి పెట్టేశాడు. పాట మొదలైంది. రెండు చరణాలు లిఫ్టులో చిక్కుకున్న ఒక ఒంటరి మనిషి గురించి. తరవాత ఎజ్రా అన్న గొంతు సవరించుకున్నాడు.

"మూడో చరణంలో ఏమంటాడంటే, ఒక బ్యాంకాయన ఉండాడంట. ఇంట్లో అందరి మీదా అరుస్తాడంట. అది కోపం గాదంట. అలసట అంట."

"లిఫ్టులో ఉన్నవాడు బ్యాంకాయన ఎట్లా అయ్యాడు?"

"లిఫ్టు బ్యాంకులోదే సార్."

బండిలో అందరం కిటికీల్లోంచి బయటి పొలాలవైపు ఆసక్తిగా చూడటం మొదలుపెట్టాం. శిరివెళ్లలో శ్యాంసుందర్ దిగి పక్కకు వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు. ఏం మాట్లాడాడో తెలియదు గానీ ఈసారి అరవలేదు.

నాకు బదిలీ భయం పట్టుకున్న నెలలో ఒక ఫ్రెంచి గాయని మూడో చరణంలో టీచర్ల బదిలీ కౌన్సెలింగు గురించి పాడింది. భారతమ్మ రిటైరు కాబోతున్న సంగతి తెలిశాక, ఒక బెల్జియం కుర్రాడు చేతిలో తాళం గుత్తితో నిలబడిన ఆమె గురించి పాడాడు. పొలమూ ఉంది, పుట్రా ఉంది, అయినా రేపు పొద్దున లేచి ఎక్కడికి పోవాలో తెలియని ఆమె. భారతమ్మ ముక్కు ఎగబీల్చి, "ఆ పాట ఇంకోసారి ఎయ్యి," అంది. మర్నాడు అదే పాటకు ఆయన వేరే అర్థం చెబితే నేను ఊరుకోలేకపోయాను.

"నిన్న ఇదే పాటలో తాళం గుత్తి ఉండె గదన్నా? ఈరోజు మోకాళ్ళ నొప్పి ఎట్ల వచ్చింది?"

"మంచి పాట సారూ. రోజూ ఒకే మాట అనదు."

ఆయన అత్యుత్సాహం ఒక్కసారి మాత్రం ప్రమాదం తెచ్చింది. ఆళ్ళగడ్డలో భారతమ్మ తమ్ముడి కొడుకు పెళ్ళి. ఊరేగింపు నడివీధిలో ఉండగా బ్యాండు సెట్టు జనరేటరు ఆగిపోయింది. ఎజ్రా అన్న తన బండి తెచ్చి, తలుపులన్నీ తెరిచి ఒక పాట పెట్టాడు. డప్పు అదిరింది. పెళ్ళికొడుకు స్నేహితులు ఊగిపోయారు. పెద్దవాళ్ళు కూడా తువ్వాళ్ళు తిప్పారు. వీధి చివర శిల్పాలు చెక్కే షెడ్డులోవాళ్ళు సుత్తులు పక్కనపెట్టి వచ్చి చిందేశారు. అక్కడితో ఊరుకుంటే ఆయన ఎజ్రా అన్న ఎందుకవుతాడు? పాట ఆపి మైకు తీసుకున్నాడు.

"అందరూ శానా బాగ ఎగిరినారు. అర్థం గూడా తెలుసుకోని ఎగిరితే ఇంకా బాగుంటాది. ఈ పాటలో ఆయప్ప మంచం దిగి శానా రోజులైంది. స్నానం గూడా చేయల్యా. తలుపు కొడితే తియ్యడు."

పెళ్ళికొడుకు గుర్రం మీదే బిగుసుకుపోయాడు. పెళ్ళికూతురి మేనమామ ముందుకొచ్చాడు.

"ఎవురప్పా నువ్వు? మంచం దిగని పాట పెండ్లికా?"

"పెండ్లయినాక గూడా ఒక్కో రోజు అట్లుంటాది అన్నా. ముందే తెల్సుంటే మంచిది."

భారతమ్మ వచ్చి మైకు లాక్కోకపోతే మూడో చరణం కూడా చెప్పేవాడే. ఆ తరవాత రెండు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు, "అయితే ఆయప్ప మంచం దిగినాడా ల్యాదా?" అని తనే అడిగింది.

ఇక మంజుల సంగతి. బండిలో ఎజ్రా అన్నను బాగా ఆటపట్టించేది ఆమే. "అన్నా, ఆ పాడే పాపకు రెండు రోజులు మా అత్త చేతి రాగి సంగటి పెడితే ఏడుపు మానేస్తాది," అనేది. ఆమె నవ్వితే వెనక సీటువాళ్ళకు మెలకువ వచ్చేది. అలాంటి మనిషి ఆ వానాకాలం నుంచి మెల్లగా తగ్గిపోయింది. మొదట నవ్వు పోయింది. తరవాత మాట పోయింది. ఎక్కగానే కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చునేది. సాయంత్రం ఆమె టిఫిను క్యారియరు బరువుగానే ఇంటికి వెళుతోందని భారతమ్మ కనిపెట్టింది.

"ఎట్లుండావ్ పాపా?" అని ఎజ్రా అన్న రోజూ అడిగేవాడు.

"బాగుండా అన్నా."

"అది జవాబు గాదు. మూసిన గేటు."

ఒక సాయంత్రం ఆమె భారతమ్మతో మెల్లగా అంది. బండి చిన్నది కాబట్టి అందరికీ వినపడింది.

"అక్కా, వచ్చే నెల నుంచి నా సీటు ఇంకెవురికన్నా ఇచ్చేయండి. ఉద్యోగం మానేస్తాండా."

"ఆఫీసులో ఎవురన్నా ఏమన్నా అనిరా?"

"లేదు."

"ఇంట్లో?"

"లేదక్కా. మా ఆయన మంచోడు. అత్త మంచిది. అదే బాధ. కారణం ఏందో చెప్పు అంటారు. నా కాడ ఉంటే గదా చెప్పేకి. పొద్దున లేస్తే చెప్పులేసుకునేది గూడా కొండెక్కినట్టుంటాది. ఇంట్లోనే పండుకుంటా. ఎవురికీ అడ్డం ల్యాకుండా."

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. ఎవరికీ నచ్చలేదు. అందరం ఒకేసారి సాయం చేయబోయాం. యాగంటికి తీసుకుపోతానంది భారతమ్మ. వాళ్ళ అత్త జీవమ్మ ఇప్పటికే ఉపవాస ప్రార్థనలో ఉందని మంజుల చెప్పింది. రోజూ నడిస్తే అన్నీ పోతాయని శ్యాంసుందర్ అన్నాడు. ఆయన నడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఎజ్రా అన్న చెయ్యి చాచి పాట ఆపేశాడు. బండి నడుస్తుండగా పాట ఆగడం నేను చూడటం అదే మొదలు. ఆ నిశ్శబ్దానికి వెనక సీటువాళ్ళందరూ ఉలిక్కిపడి లేచి, "ఏమైంది? టైరా?" అన్నారు.

మర్నాడు పొద్దున ఒక కొత్త పాట. ఆడ గొంతు, పియానో తప్ప ఇంకేమీ లేదు. ఎజ్రా అన్న ఎన్నడూ లేనంత నిదానంగా బండి తోలాడు.

"ఏమంటాందంటే, కిటికీ కర్టెను తీయల్లని లేచినా. ఆడిదాకా పోయినా. చెయ్యి లేస్తల్యా. కర్టెను అంత బరువైంది ఎప్పుడో నాకు తెల్దు అంటాంది. రెండో చరణంలో వాళ్ళమ్మ ఫోన్ చేసింది. బాగుండావా అంటే బాగుండా అనింది. ఆ ఒక్క మాట మోసేకి ఆ రోజు బలమంతా అయిపోయింది అంటాంది."

మంజుల అద్దం మీది నుంచి తల ఎత్తింది.

"మూడో చరణంలో," అన్నాడు ఎజ్రా అన్న, "ఆమె డాక్టరు కాడికి పోయింది. మనసు డాక్టరు. సంజీవనగర్‌లో, మిఠాయి అంగడి పైన, మేడ మీద. శనివారం సాయంత్రం గూడా చూస్తారంట. మెట్లకు ఎడమ పక్క పట్టుకునే కడ్డీ ఉండాదంట."

చాలా రోజుల తరవాత మంజుల తనంతట తాను ఎజ్రా అన్నను ఒక మాట అడిగింది.

"ఫ్రాన్సులో సంజీవనగర్ ఉండాదా అన్నా?"

"ప్రతి దేశంలో ఒకటి ఉంటాది పాపా. కడ్డీ ఉంటాదో ల్యాదో చెప్పలేను."

"నేను పోను. మా తోడికోడలు ఫెబా ఇల్లు ఆ వీధిలోనే. ఆమె చూసిందంటే ఆదివారానికి చర్చి అంతా తెలుస్తాది. పిచ్చిదంటారు."

ఎజ్రా అన్న అద్దంలో మా అందరి మొహాలూ ఒకటొకటిగా చూశాడు. "ఒక్కదానివి పోతే నిన్ను చూస్తారు. బండి బండంతా పోతే ఎవుర్నని చూస్తారు?"

శనివారం సాయంత్రం ఆయన బండిని నేరుగా నంద్యాల సంజీవనగర్‌కు తోలాడు. ఎవరినీ మధ్యలో దింపలేదు. అందరం ఒప్పుకున్నవాళ్ళమే గానీ ఎవరి జాగ్రత్తలు వాళ్ళు తీసుకున్నాం. శ్యాంసుందర్ మొహానికి చేతి రుమాలు కట్టుకుని తన బ్యాంకునే దోచుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. భారతమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. అవి ఎవరివో గానీ చెవులకు అందక ఒక చేత్తో పట్టుకుని నడిచింది. నేను ముందుగా కింద అంగడిలో అరకేజీ మైసూరుపాకు కొని చేతిలో పట్టుకున్నాను, ఎవరైనా అడిగితే దానికే వచ్చానని. ముగ్గురం మెట్ల దగ్గర మీరు ముందంటే మీరు ముందని మర్యాదలు చేసుకుంటుంటే మంజుల మమ్మల్ని దాటుకుని పైకి ఎక్కింది. ఎడమ పక్క కడ్డీ నిజంగానే ఉంది.

పైన బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి మా గుంపును చూసి లేచి నిలబడింది.

"పేషెంటు ఎవరండీ?"

మంజుల తల దించుకుంది. ఎజ్రా అన్న ముందుకు జరిగాడు.

"నేను."

"నేను గూడా," అంది భారతమ్మ, అద్దాలు పట్టుకున్న చెయ్యే ఎత్తి.

"నేనూ," అన్నాను. చేతిలో మైసూరుపాకు పొట్లం ఉండటంతో అది అంత నమ్మకంగా వినిపించలేదు.

అందరం శ్యాంసుందర్ వైపు చూశాం. ఆయన రుమాలు సర్దుకున్నాడు. పైకప్పు చూశాడు. "వీళ్ళతో రోజూ ప్రయాణం చేస్తానమ్మా," అన్నాడు చివరికి. "నాకూ ఒక టోకెను ఇవ్వు."

"వెనక ఉన్నవాళ్ళు?"

వెనక సీటువాళ్ళు అప్పటికే కుర్చీల్లో కూర్చుని నిద్రపోతున్నారు. "వాళ్ళకు ఏ జబ్బూ ల్యాదు తల్లీ," అన్నాడు ఎజ్రా అన్న.

కుర్చీల కోసం మూలకు వెళ్ళిన మంజుల కదలకుండా నిలబడిపోయింది. ఆ మూల కుర్చీలో, కొంగు ముక్కు దాకా లాక్కుని, గోడవైపు తిరిగి ఒకామె కూర్చుని ఉంది. కొంగు జారింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఫెబా!" అంది మంజుల.

"అక్కా! నువ్వేందీ ఈడ?"

"నేనా? మా బండోళ్ళకు బాగలేదంటే తోడొచ్చినా. నువ్వో?"

"నేను గూడా మా పక్కింటామెకు తోడొచ్చినా."

"యాడుంది ఆమె?"

ఫెబా అటూ ఇటూ చూసింది. "ఆమె రాలేదు," అంది.

మంజుల నోటి నుంచి ఏదో శబ్దం వచ్చింది. దగ్గేమో అనుకున్నాను. నవ్వు. ఫెబాకు కూడా వచ్చింది. ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని ఆ మూలనే పక్కపక్కన కూర్చున్నారు. నీకు ఎప్పటి నుంచి అంటే నీకు ఎప్పటి నుంచి అని వాళ్ళు గుసగుసలాడుకోవడం వినపడకుండా ఉండాలని నేను గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చదివాను.

డాక్టరు వర్షిణి చిన్న వయసు మనిషి. మేము నాటకానికి వచ్చినవాళ్ళమైనా ఆమె అందరినీ పేషెంట్ల లాగానే చూసింది. ఊరికే అలా వెళ్ళి వస్తానని లోపలికి పోయిన భారతమ్మ ఎంతకీ రాలేదు. వచ్చేటప్పుడు నల్ల అద్దాలు నిజంగానే అవసరమయ్యాయి. "మోకాళ్ళ గురించి చెప్పినా," అంది. శ్యాంసుందర్ బయటికొచ్చి చీటీ జేబులో దాచుకుంటూ, "నిద్రకు కాదు, జనరల్‌గా," అన్నాడు. నన్ను డాక్టరు ఎలా ఉన్నారని అడిగితే బాగున్నానన్నాను. ఆమె పెన్ను కింద పెట్టి ఊరికే చూసింది. ఎజ్రా అన్న చెప్పిన గేటు గుర్తొచ్చింది. కొంచెం తెరిచాను. ఎజ్రా అన్న తన వంతు వదిలేసుకున్నాడు, మంజుల చివరగా వెళ్ళింది. ఎక్కువసేపు ఉంది.

ఆమెతోపాటు డాక్టరు కూడా తలుపు దాకా వచ్చింది. "ఇందులో ఎజ్రా గారు ఎవరు? వచ్చినవాళ్ళందరూ మీ పాటల గురించే చెప్పారు. ఒకటి వినిపిస్తారా? నేను పాండిచ్చేరిలో చదువుకున్నాను. నాకు ఫ్రెంచి వచ్చు."

ఎజ్రా అన్న ఫోనున్న చొక్కా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఫోన్లో ఛార్జింగు ల్యాదమ్మా," అన్నాడు. శ్యాంసుందర్ ఆ జేబులోంచి ఫోను లాగి చూసి, "ఎనభై శాతం ఉంది," అని ధ్రువీకరించాడు. ఇన్నాళ్ళ అనుమానం తీరబోతున్న సంతోషంలో ఆయన రుమాలు కూడా విప్పేశాడు.

కర్టెను పాట మొదలైంది. హాలంతా విన్నది. డాక్టరు కళ్ళు మూసుకుని వింది. "కర్టెను బరువుగా ఉందట," అంది మెల్లగా. కాసేపాగి, "అమ్మ ఫోన్ చేసిందట. బాగున్నానని చెప్పిందట." మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అయితే మొదటి రెండు చరణాలూ నిజమే. ఎక్కడో చలిదేశంలో ఎవరో పిల్ల నిజంగానే కర్టెను తీయలేకపోయింది, నిజంగానే దాన్ని పాటగా పాడింది. పియానో తగ్గింది. పాట ఆగిపోయింది.

"మేడమ్," అన్నాడు శ్యాంసుందర్, "మూడో చరణంలో ఏముంటుంది?"

ఎజ్రా అన్న తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. డాక్టరు ఆయన్ను చూసింది. మందుల చీటీ పట్టుకుని నిలబడ్డ మంజులను చూసింది.

"మీ ఫోన్లో చివర కట్ అయినట్టుంది," అంది. "అసలు పాటలో ఉంది. మందులు మధ్యలో ఆపకూడదు, పదిహేను రోజులకు మళ్ళీ రావాలి, ఉద్యోగం గురించి ఇప్పుడే ఏమీ తేల్చుకోకూడదు అంటుంది."

"కచ్చితంగా అట్లే అంటుందా?"

"నా ఫ్రెంచి అంత గొప్పది కాదు సార్. భావం అదే."

సోమవారం శిరివెళ్ల మెట్ట దగ్గర టీ తాగుతూ నేను ఆయన్ను పక్కకు పిలిచాను. "ఎందుకన్నా ఈ మూడో చరణాలు?"

ఆయన గ్లాసులోకి ఊదాడు. "ఆఫ్రికాలో నాకూ ఇట్లే అయింది సారూ. రాడ్డు పట్టుకోని నిలబడిపోతాంటి. నీళ్ళు పడితే అందరూ ఎగురుతాంటిరి, నాకు ఏమీ ఉండదు. వెలుగోడు కొండయ్య అని మా క్యాంపులో వంట చేసేటోడు. నాకంటే ముందు ఆడికి పోయినోడు, భాష వచ్చు. పాట వస్తే అర్థం చెప్పేటోడు. ప్రతి పాటలో కడాకు, అన్నం తిను, ఇంటికి ఫోన్ చెయ్, క్యాంపు డాక్టరుకు చూపించుకో అని వస్తాంటాది. ఫ్రెంచోళ్ళు ఎంత మంచోళ్ళప్పా అనుకుంటి. ఆ మంచితనానికే భాష నేర్చుకుంటి. నేర్చుకోని వింటే ఏముండాది? అన్నీ రెండు చరణాల పాటలే."

"కొండయ్యను అడగలేదా?"

"అడిగినా. నీళ్ళు పడకుంటే బోరులోకి ఇంకో రాడ్డు దింపుతాం గదా, అట్లే ఇంకో చరణం దింపినా అనె." ఆయన గ్లాసు బోర్లించాడు. "పోదాం పాండి, బ్యాంకు సారు గడియారం చూసుకుంటాండాడు."

మంజుల ఒక్కరోజులో మారిపోలేదు. కొన్ని రోజులు మళ్ళీ అద్దానికే తల ఆనించింది. ఒక శనివారం డాక్టరు దగ్గరికి రానని మొండికేస్తే ఫెబానే ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. రాజీనామా మాట వాయిదా పడింది. క్యారియరు తేలికైంది. ఒకరోజు కిటికీ గాలి విసురుతోందని శ్యాంసుందర్‌తో జగడం పెట్టుకుంది. ఆ రోజు భారతమ్మ అందరికీ మైసూరుపాకు పంచింది.

చలికాలంలో ఒక పొద్దున ఎజ్రా అన్న మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఎవరినీ ఎట్లున్నారని అడగలేదు. పాట పెట్టి రెండు చరణాలకు అర్థం పొడిపొడిగా చెప్పి ఊరుకున్నాడు. బండి అయ్యలూరు దాటింది. మూడో చరణం రాలేదు.

"ఏమైందన్నా?" అన్నాను.

"ఏమీ ల్యా. బాగుండా."

బండిలో అందరం ఆ గేటు చప్పుడు విన్నాం. కిటికీ దగ్గర మంజుల గొంతు సవరించుకుంది. ఆమెకు ఫ్రెంచిలో ఒక్క ముక్క రాదు.

"మూడో చరణం నేను చెప్తా. ఏమంటాడంటే, ఒక డ్రైవరు ఉండాడంట. పొద్దున్నే ఏమీ తినకుండా బండి తీసినాడంట. ఎందుకో తెల్దు, ఊరికే బాగలేదంట. శిరివెళ్ల మెట్ట కాడ ఆపి, ఉగ్గానీ బజ్జీ తినేదాకా ఆ బండి ముందుకు పోకూడదంట. ఆఫీసుకు ఆలస్యమైతే బ్యాంకాయన అందరి తరపునా తిట్లు తింటాడంట."

"ఇది అనువాదం కాదు," అన్నాడు శ్యాంసుందర్. తరవాత ఒక క్షణం ఆలోచించి, "భావం అదే," అన్నాడు.

ఎజ్రా అన్న అద్దంలో మంజులను చూశాడు.

"ఫ్రెంచోళ్ళకు ఉగ్గాని యాడిది పాపా?"

"ప్రతి దేశంలో ఒకటి ఉంటాది అన్నా."

ఆయన ఎడమవైపు సిగ్నలు వేసి బండి పక్కకు తీశాడు. బజ్జీల వాసనకు వెనక సీటువాళ్ళు లేచారు.